ఇంట్లో ఇంకెవరికి ఉంది?

(కంభంలో చేసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

ఒక మహాశాస్త్రవేత్త పేరిట మాట్లాడమని పిలిచి, విషయం మీ ఇష్టమన్నారు. తామర గురించి మాట్లాడతానంటే, పిలవడానికొచ్చిన మిత్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ తటపటాయింపు నాకర్థమైంది. గుండెజబ్బు గురించి సభలు పెడతాం, చక్కెర జబ్బు గురించి శిబిరాలు పెడతాం. తామరకు మందు కావాలంటే మాత్రం షాపులో పక్కవాడు వెళ్ళిందాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతాం. తగ్గిన ఆ గొంతే ఈ జబ్బుకు పెట్టని కోట. అందుకే ఇవాళ మైకు ముందు నిలబడి దాని పేరు పలుకుతున్నాను.

ముందు ఎవరి పేరిట కూడామో ఆయన్ని తలుచుకుందాం. సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన యౌవనంలో ఉండగానే సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. అదే జబ్బు ఆయన్నీ పట్టింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు. తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో పనిచేసి, ఆపైన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు పెద్దదిక్కయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైంది. బోదకాలు తెచ్చే ఫైలేరియాకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ కూడా ఆ బృందం ఇచ్చిందే. 1948లో, మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ లోకానికి అందింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన వెళ్ళిపోయారు.

1953లో శాస్త్రవేత్తలు ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు: సుబ్బరోమైసిస్. బూజుల లోకంలో ఒక జాతి తెలుగువాడి పేరు మోస్తోందన్నమాట. అలాంటివాడి స్మారకసభలో బూజు తెచ్చే జబ్బు గురించి మాట్లాడటం పక్కదారి పట్టడమేమీ కాదు. ఆయన జీవితంలో మరో సంగతి కూడా నన్ను ఈ విషయం దగ్గరికే లాక్కొస్తుంది. జబ్బు ఆయనకు పుస్తకంలో ఎదురుపడలేదు. ఇంట్లో, ఒకరి తర్వాత ఒకరి పక్కన కూర్చుంది. ఇల్లంతటినీ చూసిన కళ్ళు ఆయనవి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది కూడా అదే: తామర ఒంటి జబ్బు కాదు, ఇంటి జబ్బు. గొడ్ల కొట్టం కూడా ఇంట్లో భాగమే.

తెలుగులో చెరువులో పూసే పువ్వుకూ, చర్మం మీద పాకే జబ్బుకూ ఒకటే పేరు. మన కంభం చెరువు కట్ట ఎక్కి నీళ్ళకేసి చూసినప్పుడల్లా నాకు ఆ రెండూ కలిసే గుర్తుకొస్తాయి. నీళ్ళ మీద ఆకు గుండ్రంగా పరుచుకుంటుంది. చర్మం మీద మచ్చా అంతే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని రింగ్‌వర్మ్ అన్నారు, అంటే ఉంగరపు పురుగని. నిజానికి ఇందులో పురుగే లేదు. ఇది శిలీంధ్రం. నానిన రొట్టె మీద, తడిసిన తోలుచెప్పు మీద పట్టే బూజుకు చుట్టమే. ఈ సంగతిని 1840లలోనే పారిస్‌లో డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూసి చెప్పాడు. సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయని పాశ్చర్, కోక్ లోకాన్ని ఒప్పించడానికి దశాబ్దాల ముందు మాట అది.

ఈ బూజు తిండి కెరటిన్. మన చర్మం పైపొర, వెంట్రుక, గోరు అన్నీ ఆ పదార్థమే. దూడ బొచ్చు, ఆవు కొమ్ము, మేక గిట్ట, గొర్రె ఉన్ని కూడా అదే. అందుకే దీనికి మనిషనీ పశువనీ తేడా లేదు. పైపొరలో దిగి, అక్కడి తిండి అయ్యాక చుట్టూ కొత్తచోటికి జరుగుతుంది. జరిగిన మేర ఎర్రగా లేచి దురద పెడుతుంది, మధ్యలో కాస్త నెమ్మదిస్తుంది. గడ్డివాము అంచుకు అంటుకున్న నిప్పు కాలిన చోటు వదిలి పచ్చిక మీదికి పాకినట్టు అంచు ముందుకు పోతుంది. మనం చూసే ఉంగరం అదే. మధ్యలో చర్మం తేటపడింది కదా, తగ్గిపోతోందని సంబరపడతాం. అది తగ్గడం కాదు, పెరగడం.

ఈ బూజుల్లో కొన్ని మట్టిలో బతుకుతాయి, కొన్ని పశువుల మీద, కొన్ని మనుషుల మీద. పశువుల మీద బతికేవాటిలో మన పాడిరైతులకు దగ్గరిది ట్రైకోఫైటాన్ వెరుకోసమ్. కుక్కలకూ పిల్లులకూ పట్టేది మైక్రోస్పోరమ్ కేనిస్. పిల్లి ఒంటి మీద ఏ మచ్చా కనబడకపోయినా బూజు ఉండొచ్చు. దాన్ని ఒళ్ళో పెట్టుకు పడుకునే పిల్లల బుగ్గ మీదో మెడ మీదో ఉంగరం లేచినప్పుడే తెలుస్తుంది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను పశువైద్యుణ్ణి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, ఒక చలికాలం పొద్దున, చెరువు కింది ఆయకట్టు ఊరి నుంచి ఒక ముసలమ్మ బర్రె దూడను తోలుకొచ్చింది. వెంట ఎనిమిదేళ్ళ మనవడు. దూడ కళ్ళ చుట్టూ, చెవుల దగ్గర, మెడ మీద రూపాయి బిళ్ళంత మచ్చలు. బొచ్చు రాలి, బూడిద పూసినట్టు మందపాటి పొక్కు కట్టింది. చూడగానే జబ్బేదో తెలిసింది. పొక్కు మెత్తబరిచి గీకి, అయోడిన్ పూసి, ఎలా చెయ్యాలో ముసలమ్మకు చెప్పాను. అంతసేపూ దూడ తల కదలకుండా గుండెకు హత్తుకుని పట్టుకున్నది ఆ పిల్లవాడే. వాడి తలకు తువ్వాలు చుట్టి ఉంది. చలికి కట్టుకున్నాడనుకున్నాను. దూడ మీది ప్రతి మచ్చా లెక్కపెట్టిన నేను, ఆ తువ్వాలు ఎందుకని అడగలేదు.

నెల తిరక్కుండా ముసలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి దూడ లేదు, మనవడే ఉన్నాడు. "దూడకు తగ్గించావు కదా సారూ, అదే మందు వీడికీ పూయి" అంది. తువ్వాలు విప్పాను. నడినెత్తిన అరచేయంత మేర జుట్టు లేదు. చర్మం ఉబ్బి, చిల్లులు చిల్లులుగా చీము కారుతోంది. పేనుకొరుకుడని ఎవరో చెబితే గుండు కొట్టించారట. మరొకరి మాట విని జిల్లేడు పాలు పూశారట. అది పుండు మీద కారం చల్లినంత పని చేసింది. బడిలో పక్కన ఎవరూ కూర్చోవడం లేదని వాడే బడి మానేశాడు. రాత్రిళ్ళు చలికి దూడ పక్కనే, అదే గోనెపట్టా మీద పడుకుంటాడని అప్పుడు తెలిసింది.

ఆ పుండును కీరియాన్ అంటారు. గ్రీకుభాషలో తేనెపట్టని అర్థం. నల్లమలలో తేనెపట్టు చూసిన మీకు ఆ రూపం వర్ణించి చెప్పనక్కర్లేదు. పశువు నుంచి వచ్చిన బూజు మనిషి ఒంటికి కొత్త కాబట్టి ఒళ్ళు దాని మీద గట్టిగా తిరగబడుతుంది, వాపూ చీమూ అందుకే. తలలో తామరకు పైపూత చాలదు. వెంట్రుక వేరు దాకా మందు చేరాలంటే వారాల తరబడి మాత్రలు మింగాలి. చర్మవైద్యుడి దగ్గరికి పంపాం. పుండు మానింది. కానీ మచ్చపడిన చోట జుట్టు మళ్ళీ రాలేదు. దూడకేమో నాలుగు నెలల్లో నిగనిగలాడే బొచ్చు వచ్చింది. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. ఎక్కడున్నా, మొదటిరోజు ఆ తువ్వాలు విప్పి చూడనందుకు వాడికి నేను బాకీ. ఈ ఉపన్యాసంతో ఆ బాకీలో కొంతైనా తీర్చాలనుకుంటున్నాను.

దూడల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఏడాది లోపు దూడలకు ఈ బూజును ఎదుర్కొనే శక్తి ఇంకా రాదు. చలికాలంలో కొట్టంలో ఇరుకుగా కట్టేసినప్పుడు, ఎండ తగలనప్పుడు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. చాలా దూడలకు రెండు నుంచి నాలుగు నెలల్లో తనంతట తానే తగ్గిపోతుంది. కాబట్టి రైతు పట్టించుకోడు. కానీ ఆ నెలల్లో రాలిన ప్రతి వెంట్రుకలోనూ, ప్రతి పొక్కులోనూ బూజు విత్తులుంటాయి. వాటిని స్పోరులంటాం. గుంజకు, పలుపుతాడుకు, గాడికి, గోడకు అంటుకుని నెలలు కాదు, ఏళ్ళ తరబడి అవి బతకగలవు. దూడ ఒళ్ళు రుద్దుకున్న గుంజను మరుసటేడు ఇంకో దూడ రుద్దుకుంటుంది. పాలు పితికే ఆమె ముంజేయి ఆనుతుంది, ఆ చేత్తోనే చంటిబిడ్డను ఎత్తుకుంటుంది.

దీన్ని ఆపలేమా? ఆపిన దేశాలున్నాయి. సోవియట్ యూనియన్‌లో పశువుల తామరకు టీకా తయారుచేశారు. 1980లలో నార్వే ఆ దారిలో ఊరూరా దూడలకు టీకాలు వేసి, కొట్టాలు శుభ్రం చేయించింది. గౌస్‌డాల్ అనే ప్రాంతంలో నూటికి డెబ్బై పశుశాలల్లో ఉన్న జబ్బు ఎనిమిదేళ్ళలో లేకుండా పోయింది. వాళ్ళు ఒక్కో దూడకు వైద్యం చేయడం మాని, ఊరికి వైద్యం చేశారు. ఫలితం అందులో ఉంది.

ఇప్పుడు మనుషుల నుంచి మనుషులకు పాకే తామర సంగతి. గత పది పన్నెండేళ్ళుగా దేశమంతా చర్మవైద్యులు ఒకటే మొరపెట్టుకుంటున్నారు. ఇదివరకు మూడు నాలుగు వారాల్లో తగ్గే తామర ఇప్పుడు నెలలు గడిచినా వదలడం లేదు. గజ్జల్లో మొదలై నడుము, వీపు, ముఖం దాకా పోతోంది. ఇంట్లో ఒకరికొస్తే అందరికీ వస్తోంది. దీని వెనకున్న కొత్తరకం బూజుకు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరే అందులో ఉంది. ఇన్నాళ్ళూ బ్రహ్మాస్త్రంలా పనిచేసిన టెర్బినఫిన్ అనే మందు, తన జన్యువులో మార్పు తెచ్చుకున్న ఈ బూజు మీద చాలామందిలో పనిచేయడం లేదు. 2023లో అమెరికాలోనూ ఈ కేసులు బయటపడ్డాయి. బస్సెక్కి విమానమెక్కి మనతోపాటు అదీ ప్రయాణిస్తోంది.

ఇంత మొండిగా ఎందుకు మారింది? కారణాల్లో ఒకటి మన అరచేతిలోనే ఉంది. షాపులో గొంతు తగ్గించి అడిగి తెచ్చుకునే ఆ ట్యూబు. చాలా ట్యూబుల్లో బూజును చంపే మందుతో పాటు క్లోబెటాసాల్, బీటామెథసోన్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. స్టెరాయిడ్ బూజును చంపదు. బూజు మీద మన ఒళ్ళు చేసే పోరాటాన్ని ఆపుతుంది. ఎర్రదనం, దురద ఆ పోరాటపు గుర్తులే కాబట్టి రెండు రోజుల్లో మాయమవుతాయి. "అబ్బ, ఎంత మంచి మందు!" అనుకుంటాం. కావలివాణ్ణి నిద్రపుచ్చి దొంగకు తలుపు తీయడమది. పూత ఆపగానే బూజు ఇంకా వెడల్పుగా పైకి లేస్తుంది, మళ్ళీ పూస్తాం. ఆ తిరుగుడులో చర్మం పలచబడి, తొడల మీద చారలు పడతాయి. తామర తామరలా కనిపించకుండా పోతుంది. అలా వేషం మార్చిన తామరకు 1968లోనే వైద్యులు గుర్తుపట్టరాని తామర అని పేరు పెట్టారు.

మిరపకోతకు వెళ్ళే ఒక చెల్లెలు రెండేళ్ళు అలాంటి ట్యూబు వాడింది. ఆ చారలు కాన్పుకు ముందు నుంచే ఉన్నాయని అత్తగారింట్లో అబద్ధం చెప్పాల్సి వచ్చింది. భర్తకూ అదే జబ్బు, ఆయన వేరే ట్యూబు. ఒకే మంచం మీద రెండు ట్యూబులు, రెండు రహస్యాలు. బూజుకు మాత్రం ఆ ఇద్దరి మధ్య ఏ రహస్యమూ లేదు.

చర్మవైద్యుల పోరాటం ఫలించి 2018లో కేంద్రప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అర్థంలేని 328 కలగలుపు మందులను నిషేధించింది. చట్టం మంచిదే. కానీ చీటీ అడగాల్సింది అమ్మేవాడు, చీటీ తెచ్చుకోవాల్సింది మనం. ఈ సభలో మందుల షాపుల మిత్రులుంటే చేతులెత్తి అడుగుతున్నాను: ఆ ట్యూబు అడిగినవాణ్ణి డాక్టరు దగ్గరికి పంపండి. ఒక అమ్మకం పోతుంది, ఒక కుటుంబం మిగులుతుంది.

తొందర వైద్యం ఎంత చేటు చేస్తుందో లోకచరిత్ర కూడా చెబుతుంది. తలలో తామరకు మాత్రలు లేని రోజుల్లో పిల్లల తలలకు ఎక్స్‌రేలు పెట్టి జుట్టు రాలగొట్టేవారు. ఇజ్రాయెల్‌లో వేలమంది వలస పిల్లలకు అలా చేశారు. ఏళ్ళు గడిచాక వాళ్ళలో థైరాయిడ్ కేన్సరు, మెదడు పొర గడ్డలు ఎక్కువగా కనబడ్డాయి. 1994లో ఆ దేశం పరిహారం కోసం చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ ఎక్స్‌రేలకు స్వస్తి పలికించిన మందు గ్రిసియోఫుల్విన్. 1939లో ఒక పెనిసీలియమ్ బూజు నుంచి దాన్ని తీశారు. 1958లో జె.సి. జెంటిల్స్ తామర పట్టిన గినీపందులకు దాన్ని తినిపించి నయం చేసి చూపాడు. ముల్లును ముల్లుతోనే తీసినట్టు, బూజును బూజు మందుతోనే తీశారు. సుబ్బారావుగారు పోయి అప్పటికి పదేళ్ళు. చూసి ఉంటే ఎంత సంతోషించేవారో!

మన పెద్దలకూ మందులు తెలుసు. పొలంగట్ల మీద పెరిగే తంటెపు చెట్టుకు సంస్కృతంలో చక్రమర్దమని పేరు. చక్రాన్ని, అంటే ఆ ఉంగరాన్ని, మర్దించేదని. దద్రుఘ్నమనీ అంటారు, తామరను చంపేదని. సీమ అవిసెకు మెట్టతామర అని మరో పేరుంది. ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పిన సుబ్బారావుగారి సభలో ఆ చెట్లను చిన్నచూపు చూడను. కానీ జిల్లేడు పాలు, జీడిగింజ రసం, కిరసనాయిలు ఆ జాబితాలోవి కావు. అవి చర్మాన్ని కాలుస్తాయి, బూజును వదిలేస్తాయి.

ఆరియోమైసిన్ కథలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆ మందు పుట్టిన లెడర్లీలోనే జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు అది కలిసిన దాణా తిన్న కోడిపిల్లలు త్వరగా పెరగడం గమనించారు. అక్కణ్ణుంచి జబ్బులేని కోళ్ళకూ పశువులకూ మందు తినిపించడం లోకమంతా అలవాటైంది. మందుకు లొంగని క్రిములు పెరగడానికి అదీ ఒక కారణమైంది. అవసరం లేని చోట వాడిన మందు అవసరమైనప్పుడు మొరాయిస్తుంది. కోళ్ళఫారంలో జరిగిందే మన తొడల మీదా జరుగుతోంది.

మరి ఏం చేయాలి? మొదట, పరీక్ష. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, నూటికి పది పాళ్ళ పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే బూజు దారపు పోగుల్లా కనబడుతుంది. గంట కూడా పట్టని పరీక్ష. ఇది ప్రతి మండల ఆసుపత్రిలో జరగాలి. అది అడగడం మన హక్కు. రెండు, డాక్టరు రాసిన మందు రాసినన్నాళ్ళూ వాడాలి. పూత మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ళ మేర పూయాలి. దురద పోయిందని ఆపకూడదు. మచ్చ కనబడకుండా పోయాక కూడా వారాలపాటు సాగించాలి. మూడు, తడి. చెమట పట్టిన బట్ట మార్చాలి, స్నానమయ్యాక గజ్జలు పొడిగా తుడవాలి. నడుముకు మొలతాడుంటే దాని కింద తడి ఆరదు, నయమయ్యేదాకా తీసి పక్కన పెట్టండి. దేవుడేమీ అనుకోడు. ఎవరి తువ్వాలు వాళ్ళకే, ఎవరి దువ్వెన వాళ్ళకే. జబ్బున్నవారి బట్టలు వేడినీళ్ళలో విడిగా ఉతికి మండే ఎండలో ఆరేయండి. ఈ పడమటి సీమకు నీళ్ళ కరువుంది కానీ ఎండకు కరువు లేదు. నాలుగు, కొట్టం. జబ్బు దూడను విడిగా కట్టండి. దాన్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. రాలిన బొచ్చు, పొక్కు ఊడ్చి కాల్చండి. గుంజలూ గోడలూ రుద్ది కడిగి సున్నం వేయండి, పాత పలుపులు మార్చండి. పిల్లల్ని దూడల పక్కన పడుకోనివ్వకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరున చెబుతున్నాను. ఇంట్లో ఉన్న అందరికీ ఒకేసారి వైద్యం జరగాలి. ఒకరికి తగ్గి ఇంకొకరికి మిగిలితే, మిగిలినవారి నుంచి మళ్ళీ మొదటివారికే వస్తుంది. చెరువు కట్టకు ఒకచోట గండి పడితే ఆ ఒక్కచోటే పూడ్చి, పక్కనే కారుతున్న బుంగను వదిలేస్తామా? వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే మన చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చోటు దక్కింది. అన్ని శతాబ్దాలు అది నిలిచిందంటే, ఎవరి పొలం ముందు వాళ్ళే కాకుండా అందరూ కలిసి కట్టను కాచుకున్నారు కాబట్టే.

అందుకని నేను కోరేది ఒక్క ప్రశ్న. పశువైద్యులు దూడను చూసేటప్పుడు అడగాలి. మనుషుల డాక్టర్లు మచ్చను చూసేటప్పుడు అడగాలి. టీచరమ్మలు తలకు తువ్వాలు చుట్టుకొచ్చిన పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని, నలుగురిలో కాకుండా, మెల్లగా అడగాలి. ఆశా కార్యకర్తలు గడపలో కాలు పెట్టి అడగాలి. భార్య భర్తను, భర్త భార్యను అడగాలి. ఆ రోజు ఆ ముసలమ్మను నేనడగని ప్రశ్న అది. అడిగుంటే వాడి నెత్తి మీద జుట్టు నిలిచేది, బడి నిలిచేది.

"ఇంట్లో ఇంకెవరికి ఉంది, అమ్మా?"

ఇవాళ ఇంటికి వెళ్ళి, ఈ ప్రశ్న గొంతు తగ్గించకుండా అడగండి.